షోదాన్ (మొదటి నల్లబెల్టు) తర్వాత పదేళ్ల లక్ష్యం ఎలా పెట్టుకోవాలి? (షోటోకాన్, వయసు 38)

మూడోవరుస:

అందరికీ నమస్కారం. షోటోకాన్ కరాటే, షోదాన్ వచ్చి ఎనిమిది నెలలు. వయసు 38, బరువు 76 కిలోలు. వారానికి మూడు క్లాసులు, ఒక్కోటి 75 నిమిషాలు. పగలంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలి చిప్ప కింద సలుపు. వాపు లేదు, మోకాలు పట్టెయ్యడం లేదు.

నల్లబెల్టు దాకా లక్ష్యం గురించి బుర్ర పెట్టాల్సిన పని ఉండదు. తర్వాతి రంగు ఏది, దానికి ఏ కటా (ఒంటరిగా చేసే కదలికల వరస) అన్నది సిలబస్‌లోనే ఉంటుంది. ఆ తర్వాత సిలబస్ పల్చబడిపోతుంది. నిదాన్‌కి (నల్లబెల్టులో రెండో మెట్టు) రెండేళ్లు ఆగాలి, ఈలోపు ఏం చెయ్యాలంటే "ప్రాక్టీసు చెయ్యండి" అన్న మాట తప్ప ఇంకోటి దొరకడం లేదు.

అడగాలనుకున్నవి ఇవీ. దాన్ గ్రేడులనే (నల్లబెల్టు మెట్లు) లక్ష్యంగా పెట్టుకోవాలా, 48 ఏళ్లకి ఒంటితో ఏం చెయ్యగలగాలి అన్నది పెట్టుకోవాలా? 26 కటాలూ నేర్చుకోవాలా, కొన్నిటి దగ్గర ఆగాలా? ఈ వయసులో టోర్నమెంట్లకి దిగడంలో అర్థం ఉందా? మోకాలు పదేళ్లు ఆగాలంటే ఏం మార్చాలి? "మనసు ప్రశాంతంగా ఉంటుంది" లాంటి జవాబులు వద్దండీ, అంకెలు కావాలి.

---

పాతగీ:

మూడోవరుస గారూ, అంకెలే కావాలంటే ముందు టైము లెక్క వేద్దాం.

ఏడాదికి 52 వారాలు. పండగలు, పెళ్లిళ్లు, జ్వరాలు, ఆఫీసు పని మీద ఊళ్లు తీసేస్తే 40 వారాలు మిగిలితే గొప్ప. మూడు క్లాసుల చొప్పున 120 క్లాసులు, అంటే 150 గంటలు. క్లాసులో కటాకి 20 నిమిషాలు పోతే ఏడాదికి 40 గంటలు. ఇప్పుడు హేయాన్ ఐదు, తెక్కి షోదాన్, బస్సాయ్ దాయ్, కాంకు దాయ్, జియోన్, ఎంపి, హాంగెత్సు, పైన ఇంకో నాలుగు, మొత్తం 15 కటాలు తిప్పుతున్నారనుకోండి. ఒక్కోదానికి ఏడాదికి రెండు గంటల నలభై నిమిషాలు. ఆ టైములో కటా మర్చిపోకుండా ఉంటుంది, అంతే. మెరుగుపడదు. ఎక్కువమంది షోదాన్ దగ్గర ఎందుకు ఆగిపోతారో ఈ ఒక్క భాగహారం చెబుతుంది.

గ్రేడుల సంగతి. దాన్ పద్ధతి కరాటేలో పుట్టింది కాదు. జూడో స్థాపించిన కానో జిగోరో 1883లో మొదలుపెట్టాడు, షోటోకాన్ మూలపురుషుడు ఫునకోషి గిచిన్ దాన్ని కరాటేలోకి తెచ్చి 1924లో మొదటి దాన్‌లు ఇచ్చాడు. చాలా సంస్థల్లో షోదాన్ నుంచి నిదాన్‌కి రెండేళ్లు, అక్కణ్ణించి సందాన్‌కి మూడు, యోందాన్‌కి నాలుగు. ఒక్క పరీక్షా తప్పకపోతే తొమ్మిదేళ్లు, మీకు 47. అది క్యాలెండరు. మీరు ఏం నేర్చుకున్నా, ఏం నేర్చుకోకపోయినా తన పాటికి తను నడుస్తుంది. దాన్ని తేదీలుగా వాడుకోండి, లక్ష్యంగా కాదు.

నా సలహా: 26 కటాల వరస గుర్తుంటే చాలు. లోతుగా చెయ్యడానికి పదేళ్లకి మూడే తీసుకోండి. ఒక కటాకి మూడేళ్లు అన్న పాత మాట గాల్లోంచి రాలేదు. మీ మోకాలు, మీ కుర్చీ ఉద్యోగం చూస్తే ముందు బస్సాయ్ దాయ్, తర్వాత జియోన్, చివరి నాలుగేళ్లు కాంకు దాయ్. ఎంపిలో చివర గాల్లో తిరిగి దిగే గెంతు ఉంది, మోకాలు కుదుటపడేదాకా దాన్ని ముట్టుకోకండి. కాంకు దాయ్ చివరికి ఎందుకంటే, హేయాన్ కటాల్లో మీరు చేసిన వరసలు చాలావరకు అందులో పెద్ద రూపంలో కనిపిస్తాయి, ఐదు హేయాన్లూ గట్టిపడ్డాక దాని రుచి వేరు. 65 కదలికలు కాబట్టి ఊపిరి కూడా బయటపడుతుంది.

ఒక్కో కటాకి మూడేళ్లు ఇలా పంచుకోండి.

మొదటి ఏడాది ఆకారం. బస్సాయ్ దాయ్‌లో 42 కదలికలు, కియాయ్ (గట్టి అరుపు) 19 దగ్గర, 42 దగ్గర. మొత్తం కటా క్లాసుకి రెండుసార్లు మించి చెయ్యొద్దు. ఏడెనిమిది కదలికల ముక్కలుగా విరగ్గొట్టి ఒక ముక్కని నెల రోజులు తిప్పండి. ఆరు నెలలకి కటా పూర్తవుతుంది, మిగతా ఆరు నెలలు అతుకుల మీద. ఎందుకంటే పాడయ్యేది టెక్నిక్‌లో కాదు, ఒక టెక్నిక్ నుంచి ఇంకోదానికి మారే చోట. మొదటి గెంతే చూడండి, కాళ్లు కత్తెర పడ్డాక ఒళ్లు ముందుకి తూలుతుంది, తూలడాన్ని వేగం అనుకుంటారు. దిగిన చోట రెండు లెక్కలు ఆగి నిలబడగలిగితేనే అది దిగడం.

రెండో ఏడాది బుంకాయ్, అంటే కటా కదలికని మనిషి మీద వాడటం. ప్రతి కదలికకీ పది అర్థాలు వద్దు. మొత్తం కటాలో ఐదు చోట్లు ఎంచుకుని ఒక్కోదానికి ఒక్క వాడకం, అదే ఏడాదంతా. హికితెలో వెనక్కి లాగే చెయ్యి ఖాళీగా రాకూడదు, ఎదుటివాడి మణికట్టో చొక్కాయో పట్టుకుని రావాలి. పట్టుకుంటే ఏ దూరంలో ఉండాలో దానంతటదే తెలుస్తుంది. అప్పటిదాకా రెండు అడుగుల అవతలి నుంచి చేసినదంతా తప్పని అప్పుడే బయటపడుతుంది.

మూడో ఏడాది అవే ఐదు వాడకాలు ఒప్పుకోని మనిషి మీద. చెయ్యి వెనక్కి లాక్కునేవాడు, రెండో చేత్తో కొట్టేవాడు. ఐదులో రెండు బతికితే సంతోషించండి.

కొలవడానికి ఇంట్లో చెయ్యగలిగేది ఒకటి చెబుతాను. నేల మీద టేపు ముక్క అంటించి, కళ్లు మూసుకుని హేయాన్ షోదాన్ (ఐదు హేయాన్లలో మొదటిది) మామూలు వేగంతో చెయ్యండి. 21 కదలికలు. ఆ కటా మొదలైన చోటే ముగుస్తుంది. కళ్లు తెరిచేసరికి టేపుకి ఒక పాదం పొడవు లోపు ఉండాలి. ముందుకో వెనక్కో పోతే వెళ్లేటప్పటి అడుగుకీ తిరిగొచ్చేటప్పటి అడుగుకీ పొడవు తేడా. ఎప్పుడూ ఒకే పక్కకి పోతుంటే మలుపులో ఒక కాలు మోసం చేస్తోంది, చాలాసార్లు అది నొప్పి ఉన్న కాలే. నెలకోసారి చేసి ఎన్ని సెంటీమీటర్లో రాసుకోండి.

ఫునకోషి ఒకినావా నుంచి టోక్యో వచ్చి కరాటే చూపించింది 1922లో. పుట్టింది 1868లో. ఆలస్యమైపోయిందని 38లో అనుకునేవాళ్లకి ఈ తీసివేత పనికొస్తుంది.

---

మోకాలిచిప్ప:

కటాల సంగతి పాతగీ గారికి వదిలేస్తున్నా. ఒంటి గురించి రాస్తాను. ఫిజియో దృష్టితో చెబుతున్నాను కానీ తెర మీద జబ్బు పేరు చెప్పలేను. వాపు వచ్చినా, మోకాలు మధ్యలో ఇరుక్కున్నా, నడుస్తుంటే జారిపోతున్నట్టు అనిపించినా ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఇదంతా తర్వాత.

అవేమీ లేకుండా చిప్ప కింద సలుపు అంటే తరచుగా భారం లెక్క తప్పడమే. కరాటేలో మూడు దార్లు.

ఒకటి, జెంకుత్సు దాచిలో (ముందు మోకాలు వంచి పొడుగ్గా నిలబడే భంగిమ) ముందు మోకాలు లోపలికి పడటం. పై నుంచి చూస్తే మోకాలు కాలి రెండో వేలి మీదకి రావాలి. బొటనవేలి లోపలికి పడితే తప్పు. దీనికి కారణం ముందు కాల్లో కాదు, వెనక కాల్లో ఉంటుంది. వెనక మడమ నేలకి ఆనదు, ఆనించడానికి నడుం తిప్పుతారు, ఆ తిప్పుడు ముందు మోకాలిని లాగుతుంది. మడమ ఎందుకు ఆనదు? చీలమండ బిగుసుకుపోయి. పరీక్ష సులువు: గోడకి ఎదురుగా బొటనవేలు 10 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, మడమ లేవకుండా మోకాలు గోడకి తాకించండి. తాకకపోతే దగ్గరకి జరుగుతూ ఎక్కడ తాకుతుందో టేపుతో కొలవండి. రెండు కాళ్లకీ.

రెండు, మావాషి గేరిలో (పక్క నుంచి తిప్పి తన్నడం) నిలబడిన కాలు తిరక్కపోవడం. తన్ను పూర్తయ్యేసరికి ఆ కాలి మడమ లక్ష్యం వైపు చూడాలి. మడమ కాస్త లేపి వేళ్ల కింది ఉబ్బు మీద తిరగాలి. రబ్బరు పజిల్ మ్యాట్ చెమటకి కాలిని పట్టేసుకుంటుంది, పాదం ఆగిపోయి నడుం తిరుగుతుంది, మధ్యలో నలిగేది మోకాలు. టైల్సు నేల మీద ఈ గొడవ తక్కువ, మ్యాట్ మీద ఎక్కువ. మ్యాట్ మీద తన్నేటప్పుడు ముందు పాదం తిప్పి తర్వాత తన్నండి. నెమ్మదవుతుంది, పరవాలేదు.

మూడు, పరీక్ష ముందు నెలలో మూడు క్లాసులు ఆరైపోవడం. కండరం నాలుగైదు వారాల్లో అలవాటు పడుతుంది, స్నాయువుకి నెలలు పడుతుంది. కండరం సిద్ధం అని మనం అనుకుంటాం, చిప్ప కింది తాడు ఇంకా వెనకబడి ఉంటుంది. గెంతులు, లోతు కిబా దాచి (గుర్రం మీద కూర్చున్నట్టు నిలబడే భంగిమ), తన్నులు, ఈ మూడూ ఒకే వారంలో పెంచకండి.

నొప్పి ఉన్నప్పుడు పూర్తిగా మానెయ్యడమూ తప్పే. పదిలో మూడు దాకా నొప్పి, మర్నాడు పొద్దున్నకి తగ్గిపోతే కొనసాగించవచ్చు. మర్నాడు మెట్ల దగ్గర ఎక్కువైతే ఆ వారం దాచి లోతు తగ్గించండి, క్లాసు మానకండి.

పదేళ్లకి ఒంటి లక్ష్యాలు అడిగారు కదా. జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి ఈ ఐదూ చూసుకోండి. గోడ పరీక్ష, రెండు కాళ్లకీ 10 సెంటీమీటర్లు, తేడా 2 లోపు. ఒంటికాలి మీద మడమ లేపడం ఆగకుండా 25 సార్లు. మామూలు కుర్చీ మీంచి చేతులు ఆనకుండా ఒంటికాలితో లేచి కూర్చోవడం పదిసార్లు, మోకాలు లోపలికి పడకూడదు. కళ్లు మూసుకుని ఒంటికాలి మీద 20 సెకన్లు. చివరిది నెమ్మది మాయె గేరి (ముందుకి తన్ను): మోకాలు ఎత్తి మూడు సెకన్లు, కాలు చాపి మూడు, వెనక్కి మడిచి మూడు, అప్పుడు దించడం, కాలికి పది. ఈ చివరిది చెయ్యలేనివాళ్ల తన్ను ఎత్తు ఊపుతో వస్తుంది, బలంతో కాదు. ఊపు 45 ఏళ్లు దాటాక మొహం చాటేస్తుంది.

48లో ఈ అంకెలు 38లో ఉన్నట్టే ఉంటే మీరు గెలిచినట్టు. పెరగాలని పట్టుబట్టకండి. ఏమీ చెయ్యకపోతే అవి పడిపోతాయి.

దీనికి వారానికి రెండుసార్లు 35 నిమిషాల బలం పని చాలు. వెనక కాలు స్టూలు మీద పెట్టి ఒంటికాలి గుంజీలు 3×8 (మూడు విడతలు, ఎనిమిదేసిసార్లు), నడుం దగ్గర వంగి బరువు ఎత్తడం 3×8, మెట్టు అంచు మీద మడమ నెమ్మదిగా దించడం 3×15, పక్కకి ప్లాంక్ 30 సెకన్లు రెండేసిసార్లు, పుల్‌అప్ కానీ బరువు లాగడం కానీ 3×8. క్లాసు ముందు కాళ్లు ఊపండి, చాపి పట్టుకునే స్ట్రెచ్ క్లాసు తర్వాత, కండరానికి నిమిషం. కుర్చీ మనిషికి తొడ ముందు భాగం ముఖ్యం. కూర్చుని కూర్చుని అది బిగుసుకుంటుంది.

తిండి కూడా ఒక ముక్క. 76 కిలోలకి రోజుకి 90 నుంచి 120 గ్రాముల ప్రోటీన్ కావాలి. గిన్నెడు పప్పులో ఏడెనిమిది గ్రాములే, గుడ్డులో ఆరు. అన్నం, పప్పుచారుతోనే నడుస్తుందనుకుంటే అంకె సగం కూడా చేరదు.

---

ఎర్రా_నీలం:

పైవి రెండూ బాగున్నాయి. కానీ ఇద్దరూ కుమితే (ఎదుటి మనిషితో తలపడటం) వదిలేశారు. పాతగీ గారు మూడో ఏడాది దాకా ఒప్పుకోని మనిషిని తేకూడదన్నట్టు రాశారు, అక్కడ నాకు తేడా ఉంది. దూరం, సమయం రెండేళ్లు ఆపి నేర్చుకునేవి కావు.

ఆయన లెక్కే వాడతాను. కుమితేకి క్లాసులో పావుగంట, ఏడాదికి 30 గంటలు. అందులో సగం మీ వంతు కోసం నిలబడటం. మిగిలిన 15 గంటల్లో పెద్ద భాగం చెప్పి కొట్టే ఇప్పోన్ కుమితే. స్వేచ్ఛగా ఆడేది ఏడాది మొత్తానికి మూడు నాలుగు గంటలు. పైగా మన ఊళ్లలో పెద్దవాళ్లని పదేళ్ల పిల్లల వరసలోనే నిలబెడతారు, 76 కిలోల మనిషి పిల్లాడితో ఏం స్పారింగ్ చేస్తాడు?

కాబట్టి మొదటి లక్ష్యం మనుషుల్ని పోగెయ్యడం. 60 నుంచి 90 కిలోల మధ్య ముగ్గురు పెద్దవాళ్లు, వారానికి ఒక్క గంట, క్లాసు బయట. ఇది లేకపోతే మిగతా ప్లానంతా కాగితమే.

ఆ గంటలో రెండు నిమిషాల రౌండ్లు ఆరు, సగం బలంతో. చేతి గ్లౌజులు, పళ్ల గార్డు, కాలి గార్డు తప్పనిసరి. ప్రతి రౌండుకీ ఒక్క నియమం: ఈ రౌండులో ముందు చెయ్యి మాత్రమే, ఈ రౌండులో ఎదుటివాడు కదిలాకే కొట్టాలి, ఈ రౌండులో వెనక్కి రెండడుగులు మించకూడదు. నియమం లేని స్పారింగ్‌లో ఎవరికి వచ్చింది వాళ్లు చేస్తారు, రానిది ఎప్పటికీ రాదు.

ఇప్పోన్ కుమితేలో అందరూ చేసే తప్పు ఒకటుంది. కొట్టేవాడు జానెడు దూరంలో ఆపేస్తాడు, అడ్డుకునేవాడు గాలిని అడ్డుకుంటాడు. ఇద్దరికీ బాగా చేశామనిపిస్తుంది. పరీక్ష: అడ్డుకునేవాణ్ణి చేతులు దించి కదలకుండా నిలబెట్టండి. ఓయ్ జుకి (ముందుకి అడుగేస్తూ గుద్దు) అతని గీ బట్టని తాకి ఆగాలి. తాకకపోతే అడుగు చిన్నది. ఆ దూరం సరిచేసుకున్నాకే అడ్డుకోవడం మొదలుపెట్టండి. తర్వాత మెట్లు: ఏం కొడతాడో చెప్పి కొట్టడం, రెండిట్లో ఒకటి కొట్టడం, ఏమీ చెప్పకుండా కొట్టడం. చెప్పకుండా కొట్టిన పదిలో ఏడింటిని చేత్తో కాక అడుగుతో తప్పించగలగాలి. నిదాన్ పరీక్ష లోపు ఈ అంకె పెట్టుకోండి.

టోర్నమెంటు గురించి. ప్రపంచ సమాఖ్య నియమాల్లో గుద్దుకి ఒక పాయింటు, నడుం పైన ఒంటికి తగిలిన తన్నుకి రెండు, తలకి తగిలిన తన్నుకి మూడు. ఎదుటివాణ్ణి పడేసి కొట్టినా మూడు. ఎనిమిది పాయింట్ల తేడా వస్తే ఆట ముగిసినట్టే. ఈ లెక్క పొడుగు కాళ్ల కుర్రాళ్లకి అనుకూలం. కొన్ని పోటీల్లో 35 పైబడినవాళ్లకి విడిగా విభాగం పెడతారు, దొరికితే రెండేళ్లలో మూడుసార్లు దిగండి. పతకం కోసం కాదు. గుండె 170 కొట్టుకుంటున్నప్పుడు మీ దగ్గర మిగిలేవి ఎన్ని టెక్నిక్‌లో తెలుస్తుంది. రెండో మూడో మిగులుతాయి. వాటి పేర్లు రాసుకోండి, ఆ తర్వాతి ఏడాది పని అదే. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో ఆడించాక పారిస్‌లో కరాటే లేదు, లాస్ ఏంజెలెస్‌లోనూ లేదు, కాబట్టి ఒలింపిక్స్ పేరు చెప్పి ఫీజు పెంచే కోచ్‌లకి ఓ దణ్ణం.

పోటీలు నచ్చితే 42 తర్వాత జడ్జి పరీక్ష రాయండి. రోజుకి 80 బౌట్లు కుర్చీలోంచి చూస్తే దూరం కంటికి పడుతుంది, మోకాలికి ఖర్చు లేదు.

తలకి దెబ్బ తగిలి తలనొప్పి, వికారం, మసక ఉంటే ఆ రోజుకి ఆట అయిపోయింది, డాక్టరుకి చూపించండి. అన్ని లక్షణాలూ పోయి, మామూలు పరుగు, కటా ఇబ్బంది లేకుండా చేశాకే మళ్లీ స్పారింగ్.

---

తాటాకుపరుపు:

కరాటేవాళ్ల చర్చలో జూడో మనిషి దూరుతున్నందుకు క్షమించాలి. పదేళ్ల లక్ష్యాల్లో ఎవరూ రాయనిది ఒకటుంది: పడటం. షోటోకాన్‌లో కాలు ఊడ్చే దెబ్బ ఉంది, పడటం మాత్రం చాలా చోట్ల నేర్పరు.

వెనక్కి పడేటప్పుడు గడ్డం గుండెకి ఆనించాలి, చూపు బెల్టు ముడి మీద. చేతులు ఒంటికి సుమారు 45 డిగ్రీల్లో, అరచేతులు కిందకి, వీపు తగిలేటప్పుడే నేలని కొట్టాలి. ఊపిరి వదలాలి. చేతులు భుజాల ఎత్తున చాపితే భుజం పోతుంది, వెనక చెయ్యి ఊని ఆపుకోవాలని చూస్తే మణికట్టు పోతుంది. ముందు పడుకున్న చోటే, తర్వాత గొంతుక్కూర్చుని, తర్వాత నిలబడి. ఒక్కో మెట్టుకి నెల, క్లాసుకి 20 పడటాలు. ఆ తర్వాతే ఎవరైనా మిమ్మల్ని పడెయ్యాలి. ఒసోతో గరి లాంటి వెనక్కి పడేసేదానిలో తల తగలడమే అసలు ప్రమాదం.

జూడో పరుపు నాలుగు సెంటీమీటర్ల మందం. కరాటే పజిల్ మ్యాట్ రెండు, రెండున్నర. దాని మీద మనుషుల్ని పడెయ్యకండి. పడటం వచ్చినవాడికి కూడా కింద కాంక్రీటు కాంక్రీటే.

ఇంకో మాట, అడక్కపోయినా. కర్రసాము నేర్పేవాళ్లు దగ్గర్లో ఉంటే ఏడాదిపాటు వారానికో గంట వెళ్లండి. కోనసీమలో అమలాపురం దసరాకి చెడీ తాలింఖానా (ఊరేగింపులో చేసే కర్ర, కత్తి విన్యాసాలు) చూసినవాళ్లకి తెలుసు, కర్ర తిప్పే మనిషి నడుం, పాదం ఎలా కలిసి కదులుతాయో. భుజం బిగిస్తే కర్ర ఆగిపోతుంది, దాచడానికి ఉండదు. కరాటేలో బిగించిన భుజం ఏళ్లకేళ్లు దాక్కోగలదు.

---

సంతకం_లేదు:

ఒక్క సలహా. సంవత్సరంలో పది వారాలు క్లాసుకి పోలేనప్పుడు ఏం చేస్తారో ముందే రాసుకోండి. ఆ పది వారాల తర్వాతే చాలామంది మానేస్తారు. మా లెక్క: రోజుకి 12 నిమిషాలు, హేయాన్ రెండు, నెమ్మది తన్నులు పది, పడటాలు పది. హోటల్ గదిలో కూడా అవుతుంది, పడటాలు మంచం మీద.

---

మూడోవరుస:

అందరికీ కృతజ్ఞతలు. ఇన్ని కలిపితే వారం చాలదేమో. మంగళ, గురు, శని క్లాసులు. ఆదివారం పొద్దున ఖాళీ. వీటిలో ఏది ముందు, ఏది ఆపాలి? పాతగీ గారికి, ఎర్రా_నీలం గారికి మధ్య తేడా వచ్చింది కదా, ఆ మూడో ఏడాది సంగతి కూడా తేల్చండి.

---

పాతగీ:

తేల్చేది ఏముందండీ, కుమితే విషయంలో ఆయన చెప్పిందే సరి. నేను కటా వాడకాల వరకే చెప్పాను. రెండూ వేరువేరు గూళ్లు. దూరం ఆదివారం నేర్చుకోండి, ఆ ఐదు పట్లు మూడో ఏడాదికి ఉంచండి.

వారం ఇలా సరిపోతుంది. మంగళ, గురు, శని క్లాసు. క్లాసుకి 15 నిమిషాలు ముందు వెళ్లి, బస్సాయ్ దాయ్‌లో ఆ నెల ముక్క. సోమ, శుక్ర మోకాలిచిప్ప గారి 35 నిమిషాలు. ఆదివారం ఒక గంట మనుషులతో: మొదట పడటాలు 20, తర్వాత రౌండ్లు. బుధవారం ఏమీ చెయ్యొద్దు, నిజంగా ఏమీ చెయ్యొద్దు. అందరికంటే ముందు రద్దు చేసుకునేది ఆ సెలవునే, మోకాలు కోలుకునేది కూడా ఆ రోజే.

అన్నీ ఒకే వారంలో మొదలుపెట్టకండి. మొదటి ఆరు వారాలు క్లాసు, బలం పని. తర్వాత ఆరు వారాలకి పడటాలు కలపండి. మూడో నెల చివర రౌండ్లు, మొదట మూడే. ఎప్పుడైనా తగ్గించాల్సి వస్తే ముందు రౌండ్లు, తర్వాత కటా ముక్క. బలం పని ఆఖరికి.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, ఏ ముక్క, ఎన్నిసార్లు, మర్నాడు పొద్దున మోకాలి నొప్పి పదిలో ఎంత. నాలుగు ముక్కలు, ఒక్క లైను. "ఈరోజు బాగా చేశాను" అని రాయకండి, మూడేళ్ల తర్వాత చదివితే దాన్నుంచి ఏమీ రాదు. వీడియో నెలకి ఒక్కటి, ఫోను నడుం ఎత్తులో, ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి. తల పైకీ కిందకీ ఊగుతోందా, వెనక మడమ లేస్తోందా, ఈ రెండే చూడండి. వేగం చూడొద్దు, వేగం వీడియోలో అందరికీ నచ్చుతుంది.

నిదాన్‌కి దరఖాస్తు చేసేది ఎర్రా_నీలం గారు చెప్పిన ఆ "పదిలో ఏడు" వచ్చాకే. రెండేళ్లు దాటితే దాటనివ్వండి.

---

మూడోవరుస:

గోడ పరీక్ష ఇప్పుడే చేశాను. ఎడమ 10 సెంటీమీటర్లు, కుడి 6. కళ్లు మూసుకుని హేయాన్ షోదాన్ మూడుసార్లు చేస్తే మూడుసార్లూ కుడి పక్కకే పోయాను, రెండు పాదాల దూరం.

---

మోకాలిచిప్ప:

రెండు పరీక్షలూ ఒకే కాలిని చూపిస్తున్నాయి. కుడి చీలమండ పాతది ఎప్పుడైనా బెణికిందేమో గుర్తు తెచ్చుకోండి, బెణుకు తర్వాత ఇలా మిగిలిపోవడం మామూలే.

మూడు నెలలు ఇది చెయ్యండి. గోడ దగ్గర అదే భంగిమలో మోకాలు ముందుకి నెమ్మదిగా నొక్కి రెండు సెకన్లు ఆపి వెనక్కి, 15 సార్లు, మూడు విడతలు, రోజూ, కుడి కాలికి. మడమ లేస్తే లెక్కలోకి రాదు, మడమ కింద కాగితం పెట్టి ఎవరినైనా లాగమనండి, ఊడి రాకూడదు. తర్వాత మోకాలు కాస్త వంచి పిక్క కింది భాగం స్ట్రెచ్, నిమిషం చొప్పున రెండుసార్లు. గోడ పరీక్షలో 8 సెంటీమీటర్లు దాటేదాకా కుడికాలు వెనక ఉండే జెంకుత్సు దాచి ఒక పాదం పొట్టిగా వెయ్యండి, పొడుగ్గా నిలబడమని వరసలో అరిచినా సరే. చీలమండ ముందు భాగంలో ఎముక ఎముకకి తగిలినట్టు గుచ్చితే ఆపి చూపించుకోండి. పిక్కలో లాగినట్టుంటే కొనసాగించవచ్చు. ఆరు వారాలకి మళ్లీ కొలిచి ఇక్కడే రాయండి.